సున్నా మడి

తిరుపతి కాలేజీ పొలంలో, ఎర్ర దుబ్బనేలలో
ముప్పయ్యారు మడులు నావి.
కొన్నింటిని ట్రాక్టరు మడకతో లోతుగా తిరగేయించాను.
కొన్నింటిని గుంటకతో పైపైన గీకించాను.
కొన్నింటిని ముట్టుకోనేలేదు,
పోయిన పంట సజ్జ మోళ్ళు అట్లాగే ఉండగా
కర్రతో పొడిచి మొక్కజొన్న గింజ వేయించాను.

"దున్నకుండా సేద్యమేంది మేడమ్,
తల దువ్వకుండా పెండ్లికి పోయినట్టు"
అనింది మొగిలమ్మ. అన్నా, పొడిచింది.

నత్రజని లెక్క వేరే.
హెక్టారుకు సున్నా, ఎనభై, నూట అరవై, రెండువందల నలభై.
విత్తేటప్పుడొక పాలు, మోకాలెత్తుకొక పాలు,
జల్లు విప్పేముందు ఆఖరి పాలు.
యూరియా మూటల గది తాళం నా మెడలోనే.

సున్నా మడి దగ్గరికొచ్చి మొగిలమ్మ చెయ్యి ఆగింది.
"దీనికేం లేదా?"
"లేదు. ఇదుంటేనే మిగతావాటి బలం తెలుస్తుంది."
"ఓహో. ఒక బిడ్డను పస్తుపెట్టి
తక్కిన బిడ్డలెంత తిన్నారో చూసేదా."
ఆ మాట నేను పుస్తకంలో రాసుకోలేదు.

నెలకు దున్నని మడులు పాలిపోయాయి.
భయపడి సారు దగ్గరికి పరిగెత్తాను.
మోళ్ళు కుళ్ళేటప్పుడు ముందు అవే తింటాయమ్మా,
తర్వాత పెడతాయి, ఓపిక పట్టు, అన్నాడు.
ఆపైన ఇరవై రోజులు వానమొగం లేదు.
మిట్టమధ్యాహ్నం, లోతుగా దున్నిన మడుల్లో
ఆకులు చుట్టలు చుట్టుకున్నాయి.
దున్నని మడుల్లో విప్పుకునే ఉన్నాయి.
మొగిలమ్మ కాలి బొటనవేలితో ఒక మోడును జరిపింది.
కింద తేమ. ఒక ఎర్ర వానపాము.
మళ్ళీ మోడును దానిమీదికే జరిపి
ఏమీ అనకుండా పోయింది.

నూట అరవై దాటాక కంకి పెరగలేదు,
ఆకు నలుపు మాత్రం పెరిగింది.
కత్తెర పురుగుకు ఆ మడే విందు.

ఇదంతా అనుకున్నట్టే.
అనుకోనిది మూడో వరసలో, పంపుషెడ్డు పక్క సున్నా మడిలో.
మడంతా పసుపుపచ్చ, రొమ్మెత్తు.
గోడ పక్క రెండు చాళ్ళు మాత్రం
నా తల దాటి, ముదురాకుపచ్చ,
మోచేతంత కంకులు.
మూడుసార్లు కొలిచాను.

"ఎవరు చల్లినారు? జాలిపడి చల్లినారు గదా?
రెండేళ్ళ కష్టం నాది!"
పదకొండుమందీ తలలు దించుకున్నారు.
సుగుణమ్మ కొంగులోపల కిసుక్కుమంది.

మొగిలమ్మ కొడవలి కింద పెట్టింది.
"మూటల తాళం నీ మెడలో ఉంది, మేమెట్ల చల్లేది?
విత్తిన పదోనాడు, ఎవరో పెద్దసార్లు చూడొస్తారని
గట్టుమీద కంపచెట్లన్నీ కొట్టించినారే,
ఆ పొద్దునుంచి ఆడోళ్ళకు మరుగు
ఆ గోడొక్కటే మేడమ్.
పదకొండు మందిమి.
మీది మూడు పాళ్ళు,
మాది దినామూ రెండు పాళ్ళు."

నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను.
అర కిలోమీటరు దూరంలో డిపార్టుమెంటు బాత్‌రూము.
స్కూటీమీద నేను పోయొస్తాను రోజుకు నాలుగుసార్లు.
ముప్పయ్యారు మడుల్లో ప్రతి మొక్కకూ
ఏం కావాలో నాకు పట్టిక ఉంది.

థీసిస్‌లో ఆ రెండు చాళ్ళూ తీసేశాను.
'గట్టు ప్రభావం' అని రాశాను.
సారు టిక్కు పెట్టాడు.
మరుగుదొడ్డి కోసం రాసిన అర్జీ ఏ ఫైల్లో ఉందో తెలియదు.

ఆ సాయంత్రం మాత్రం,
లెక్కలో రావు గదా అని
ఆ చాళ్ళ పాలకంకులు విరిచి
సజ్జమోళ్ళ మంటమీద కాల్చారు.
కొండదారి దీపాలు వెలిగే వేళ
నా చేతిలోనూ ఒకటి పెట్టారు.
కొంచెంసేపు దాన్ని చూశాను.
కొరికాను.

"ఉప్పు కావాల్నా మేడమ్?" అనింది మొగిలమ్మ.
పొలమంతా నవ్వింది.